ప్రయోగశాల అలమారలో అర కిలో పాదరసం: ఎవరికి అప్పగించాలి?

ప్రశ్న: భౌతికశాస్త్ర అధ్యాపకుడు, కడప జిల్లా

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. రెండు వారాల క్రితం మా ప్రయోగశాలలో వేడిని కొలిచే కెలోరీమీటరు ప్రయోగం జరుగుతుండగా ఒక విద్యార్థి చేతిలోని థర్మామీటరు జారిపడి పగిలింది. మాది కడప బండలు పరిచిన నేల. పాదరసం పూసలు పూసలుగా విడిపోయి బండల సందుల్లోకి దొర్లిపోయింది. నేను పక్క గదిలోంచి వచ్చేసరికి నలుగురు పిల్లలు నేల మీద కూర్చుని, నోటుపుస్తకం అట్టతో ఆ పూసలను తోస్తూ ఒకదానిలో ఒకటి కలిసిపోవడం చూసి ముచ్చటపడుతున్నారు. వారిలో ఒక అమ్మాయి వేలితో తాకినట్టుంది, ఆమె బంగారు ఉంగరం ఒక పక్క వెండిలా తెల్లబడింది. అప్పటికే మా సహాయకుడు చీపురుతో గది అంతా ఒకసారి ఊడ్చేశాడు.

సందుల్లో చల్లడానికి గంధకం కోసం పాత అలమార వెతుకుతుంటే అసలు సంగతి బయటపడింది. అడుగు అరలో, చీటీ మీద అక్షరాలు చెరిగిపోయిన ఒక మందపాటి గాజుసీసా ఉంది. చూడటానికి చిన్నదే, పిల్లల మందుసీసా అంత. ఎత్తబోతే చెయ్యి కిందికి దిగింది. తూచి చూస్తే లోపలి పాదరసం అర కిలో దాకా ఉంటుందని తేలింది. ఇది కాక, గోడకు తగిలించిన ఫోర్టిన్ బారోమీటరు, అంటే పాదరసంతో గాలి పీడనాన్ని కొలిచే పరికరం ఒకటి ఉంది. దాన్ని వాడి చాలా ఏళ్ళయింది.

ఈ పాదరసాన్ని ఎలా భద్రపరచాలి, ఎవరికి అప్పగించాలి అన్నది నా మొదటి ప్రశ్న. రెండో ప్రశ్న నాది కాదు, థర్మామీటరు పగలగొట్టిన పిల్లవాడిది. ప్రయోగశాల కిటికీలోంచి చూస్తే దూరంగా థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. వాటిని చూపించి, "సార్, బొగ్గులోనూ పాదరసం ఉంటుందని మీరే చెప్పారు కదా, అంత పెద్ద గొట్టాలుండగా ఈ బొట్టు గురించి ఎందుకింత కంగారు?" అని అడిగాడు. వాడు తప్పించుకోవడానికి అడగలేదు, నిజంగానే తెలుసుకోగోరాడు. నేను చెప్పిన సమాధానం నాకే తృప్తినివ్వలేదు. తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం 1: విశ్రాంత కెమికల్ ఇంజనీరు

మాస్టారూ, ముందు అత్యవసరమైన విషయం. ఆ అమ్మాయి ఉంగరాన్ని శుభ్రం చేయించడానికి ఇంట్లోవాళ్ళు కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి ఉంటే వెంటనే ఆపించండి. బంగారానికి పట్టిన పాదరసాన్ని వదిలించడానికి ఆయన చేసేది ఒక్కటే, ఉంగరాన్ని మంటలో కాల్చడం. ఉంగరం మళ్ళీ పసుపుపచ్చగా మెరుస్తుంది కానీ పాదరసం ఆవిరై ఆయన ఊపిరితిత్తుల్లోకీ, ఎదురుగా కూర్చున్నవారి ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. ఇలాంటి లోహరూపపు పాదరసాన్ని మింగితే శరీరం పీల్చుకునేది అత్యల్పం. పీల్చిన ఆవిరిలో మాత్రం దాదాపు 80 శాతం రక్తంలో కలుస్తుంది. ఉంగరాన్ని ప్రస్తుతానికి బిగుతు మూత ఉన్న చిన్న గాజుసీసాలో పెట్టి ఉంచమనండి.

ఇక గది సంగతి. కిటికీలు తెరిచి, కొన్నాళ్ళు అక్కడ తరగతులు పెట్టకండి. ఊడ్చిన చీపురును మరే గదిలోనూ వాడవద్దు, దాన్ని ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి పక్కన పెట్టండి. చీపురు పాదరసాన్ని ఎత్తదు, కంటికి కనిపించనంత సన్నటి పూసలుగా చిదిమి గదంతా పరుస్తుంది. పూస ఎంత చిన్నదైతే అంత త్వరగా ఆవిరవుతుంది. వాక్యూమ్ క్లీనరు ఇంకా ప్రమాదకరం. చీకటిపడ్డాక టార్చిలైటును నేలకు దాదాపు ఆనించి ఏటవాలుగా వేయండి, సందుల్లో మిగిలినవి మెరుస్తాయి. కనిపించిన వాటిని సిరంజితోనో డ్రాపరుతోనో పీల్చి, మరీ సన్నవాటిని అంటుకునే టేపుతో అద్ది తీయండి. చేతులకు తొడుగులు ఉండాలి, వాచీలు, నగలు తీసేయాలి. చేతికందని సందుల్లో గంధకం పొడి వేయండి. గంధకంతో కలిస్తే అది మన పెద్దలు ఇంగిలీకం అన్న పదార్థపు జాతిలోకి మారి కదలకుండా ఉంటుంది. అయితే ఆ మార్పు నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి గంధకం చల్లాం కదా అని పూసలను ఏరకుండా వదలకూడదు. కడిగిన నీళ్ళను కాలువలోకి మాత్రం పోనివ్వకండి.

మనది ఎండల ప్రాంతం కాబట్టి ఒక లెక్క చెబుతాను. 20 డిగ్రీల వద్ద మూసిన గదిలో పాదరసం పూర్తిగా ఆవిరి నింపితే ఘనపు మీటరు గాలిలో సుమారు 13 మిల్లీగ్రాములు చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాది సగటుగా సూచించిన హద్దు 1 మైక్రోగ్రాము, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆవిరి రెట్టింపు దాటుతుంది. గాలి ఆడే గదిలో అంత దాకా పోదు గానీ, వేసవి సెలవుల్లో తాళం వేసి ఉంచే ప్రయోగశాలలో సందుల్లోని పూసలు ఏం చేస్తాయో మీరే ఊహించండి.

సీసాను కదిలించేటప్పుడు అడుగున లోతైన ప్లాస్టిక్ ట్రే ఉంచండి. ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి ఒంపవద్దు. బారోమీటరును పడుకోబెట్టవద్దు, విప్పవద్దు. ఈ రెండింటినీ కళాశాల ప్రిన్సిపాల్ ద్వారా కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి లిఖితపూర్వకంగా తెలియజేయడమే సరైన దారి. ప్రమాదకర వ్యర్థాలను స్వీకరించే కేంద్రాలు ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం దగ్గర పరవాడలో, తెలంగాణలో హైదరాబాద్ శివారు దుండిగల్‌లో ఉన్నాయి. పాత ఇనుము కొనేవాడికి మాత్రం ఎంత ధర ఇస్తానన్నా అమ్మవద్దు.

ఈ జాగ్రత్తలు నాకు పుస్తకాలు నేర్పినవి కావు. నా ఉద్యోగ జీవితంలో పన్నెండేళ్ళు కాస్టిక్ సోడా కర్మాగారంలో, పాదరసపు సెల్లుల హాలులో గడిచాయి. అక్కడ ఉప్పునీటిని విద్యుత్తుతో విడగొడతారు. కొద్దిగా వాలుగా ఉండే పొడవాటి ఉక్కు తొట్టి అడుగున పాదరసం పలచటి పొరగా పారుతూ ఉంటుంది. ఉప్పులోని సోడియం ఆ పాదరసంలో కలుస్తుంది, క్లోరిన్ పైకి వస్తుంది. సోడియం కలిసిన పాదరసాన్ని పక్కనున్న మరో పాత్రలో నీటితో కలిపితే కాస్టిక్ సోడా, హైడ్రోజన్ వస్తాయి, పాదరసం తిరిగి తొట్టిలోకి వెళుతుంది. కాగితం మీద చూస్తే పాదరసం ఖర్చు కాదు, అదే పాదరసం తిరుగుతూ ఉండాలి. కానీ మేము ప్రతి ఏడాదీ ఇనుప సీసాల్లో కొత్త పాదరసం కొని తొట్లు నింపేవాళ్ళం. కొత్తగా చేరిన ఇంజనీరుగా ఒకరోజు మా పెద్దాయనను, ఇది ఎక్కడికి పోతోందని అడిగాను. ఆయన నా బూటు అడుగును తిప్పి చూపించారు. గాడిలో రెండు పూసలు మెరుస్తున్నాయి.

అందుకే నేను ఏ కర్మాగారాన్ని చూసినా వాళ్ళ కొనుగోళ్ళ పుస్తకం చూడమంటాను. ఏటా కొన్నదెంతో దాదాపు ఏటా పోయినదీ అంతే. కొంత గాలిలో, కొంత ఉప్పు మడ్డిలో, కొంత హైడ్రోజన్ వెంట, కొంత అమ్మిన సోడాలోనే పోతుంది. ఎన్ని వడపోతలు పెట్టినా మా హాలులో నష్టం తగ్గింది గానీ ఆగలేదు. ఆగింది పాదరసాన్ని తీసివేసి, దాని బదులు పలచటి పొరతో పనిచేసే పొర సెల్లులు పెట్టినప్పుడే. వాటిలో పాదరసం ఉండదు, పైగా కరెంటు ఖర్చూ గణనీయంగా తగ్గుతుంది. మన దేశంలో 2003లో ప్రభుత్వం, పరిశ్రమలు కలిసి రాసుకున్న బాధ్యతా ఒడంబడికలో 2012 నాటికి పాదరస సెల్లులన్నీ మారాలని గడువు పెట్టుకున్నారు. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి దేశాలు కుదుర్చుకున్న మినమాటా ఒప్పందం ప్రపంచమంతటికీ 2025 గడువు పెట్టింది. సాంకేతికత ముందునుంచీ ఉంది, గడువు వచ్చాకే కొన్ని యాజమాన్యాలు కదిలాయి.

సమాధానం 2: గృహిణి, నెల్లూరు

పెద్దవారికి నమస్కారాలు. చదువుతుంటే నాకు రెండు సందేహాలు కలిగాయి. మా ఇంట్లో ఇంకా నాలుగు పాత సీఎఫ్ఎల్ బల్బులు ఉన్నాయి, అవి పగిలినా ఇంత ప్రమాదమేనా? మా అత్తగారు పూజగదిలో పాదరస లింగం ఉంచి, రోజూ అభిషేకం చేసిన నీటిని తీర్థంగా పుచ్చుకుంటారు. దాని గురించి కూడా దయచేసి చెప్పండి.

సమాధానం 3: విశ్రాంత కెమికల్ ఇంజనీరు

అమ్మా, సీఎఫ్ఎల్‌లో ఉండేది ఐదు మిల్లీగ్రాములు లేదా అంతకన్నా తక్కువ. ప్రయోగశాల థర్మామీటరులో గ్రాముల లెక్కన ఉంటుంది, కాబట్టి రెండింటికీ వందల రెట్ల తేడా ఉంది. బల్బు పగిలితే ఫ్యాను ఆపి, కిటికీలు తెరిచి, పదిహేను నిమిషాలు గది బయట ఉండండి. తర్వాత ముక్కలను అట్టతో ఎత్తి, పొడిని టేపుతో అద్ది, గాజుసీసాలో వేసి మూత పెట్టండి. పగలని వాటిని చెత్తబండిలో వేయకండి. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు ఇలాంటి ఇంటి ప్రమాదకర వ్యర్థాల కోసం ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం పెట్టాలని పట్టణ సంస్థలను ఆదేశించాయి. మీ వార్డులో అది ఎక్కడుందని మున్సిపాలిటీని అడిగే హక్కు మీకుంది, దయచేసి అడగండి.

లింగం విషయంలో మీ అత్తగారి భక్తిని ఏ మాత్రం నొప్పించకుండా ఒక్క మాట చెప్పండి. శుద్ధ పాదరసం మన వాతావరణంలో గట్టిగా ఉండదు, గడ్డకట్టాలంటే సున్నాకు దాదాపు 39 డిగ్రీలు కిందికి పోవాలి. గట్టిగా ఉన్నదంటే వేరే లోహాలతో కలిపి చేసినదే, ఏ లోహాలో అమ్మినవాడికే తెలియాలి. గాలి ఆడేచోట గాజుపెట్టెలో ఉంచి పూజ చేసుకోవచ్చు. అభిషేకం మరో విగ్రహానికి చేసి, ఆ తీర్థం పుచ్చుకోమనండి.

సమాధానం 4: స్టాఫ్ నర్సు, హైదరాబాద్

అధ్యాపకుల వారికి నమస్కారం. నేను మూత్రపిండాల విభాగంలో పనిచేస్తున్నాను. మీ దగ్గర చదివేది పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు కాబట్టి ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

థర్మామీటరు పగిలితే అందరికీ కనిపిస్తుంది. ముఖానికి రాసుకునే క్రీములో పాదరసం ఉంటే కనిపించదు. చర్మానికి రంగునిచ్చే పదార్థం తయారుకాకుండా పాదరస లవణాలు అడ్డుపడతాయి, అందుకే వారం తిరక్కుండానే ముఖం తెల్లబడినట్టు కనిపిస్తుంది, అందుకే ఆ క్రీములు అమ్ముడుపోతాయి. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021 నుంచి 2023 వరకు ఒక రకం మూత్రపిండాల జబ్బుతో వచ్చిన 22 మందిని వైద్యులు పరిశీలించగా, వారిలో 15 మందిలో సాధారణంగా అరుదుగా కనిపించే నెల్-1 అనే ప్రోటీను గుర్తు కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది చర్మం తెల్లబడే క్రీములు వాడినవారే. వైద్యులు క్రీము గురించి ప్రత్యేకంగా అడిగి ఉండకపోతే ఈ సంబంధం బయటపడేది కాదు.

మా విభాగానికి గత ఏడాది ఒక డిగ్రీ విద్యార్థిని వచ్చింది. ఉదయం లేచేసరికి కళ్ళ కింద ఉబ్బు, సాయంత్రానికి చెప్పు పట్టనంత పాదాల వాపు, మూత్రంలో సబ్బునురగ లాంటి నురగ. నెలల తరబడి ఏమేం తిన్నావు, ఏ మందులు వాడావు అని అడిగితే ఏమీ లేదనే చెప్పింది. ముఖానికి ఏం రాసుకుంటావు అని డాక్టరమ్మ అడిగినప్పుడు సంచిలోంచి ఒక చిన్న డబ్బా తీసింది. పెళ్ళిచూపుల కోసం వాళ్ళ పిన్ని ఇచ్చిందట. డబ్బా మీద తయారీదారు చిరునామా లేదు, అందులో ఏమున్నాయో రాయలేదు, వెండి బంగారు నగలకు తగలనివ్వవద్దు అన్న హెచ్చరిక మాత్రం ఉంది. ఆ హెచ్చరిక ఎందుకు రాశారో మీ విద్యార్థిని ఉంగరం చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. క్రీము ఆపి, చికిత్స తీసుకున్నాక ఆమె నెమ్మదిగా కోలుకుంది.

మినమాటా ఒప్పందంలో మొదట సౌందర్య సాధనాలకు పదిలక్షల్లో ఒక వంతు దాకా మినహాయింపు ఉండేది. 2023 సమావేశంలో ఆ హద్దును కూడా తీసేసి, పాదరసం కలిపిన సౌందర్య సాధనాలన్నిటికీ 2025 గడువు పెట్టారు. నిబంధన మంచిదే, కానీ పేరూ ఊరూ లేని డబ్బాలను ఆపవలసింది ఔషధ నియంత్రణ అధికారుల తనిఖీలే. మీ తరగతిలో ఒక పది నిమిషాలు దీని గురించి చెప్పగలిగితే, సార్, మా వార్డుకు రావలసిన ఒక అమ్మాయి రాకుండా ఆగవచ్చు.

సమాధానం 5: పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధకుడు, విశాఖపట్నం

మీ విద్యార్థి అడిగినది చాలా సరైన ప్రశ్న, దానికి అంకెలతోనే జవాబు చెప్పాలి. టన్ను బొగ్గులో పాదరసం సాధారణంగా 0.1 నుంచి 0.3 గ్రాముల వరకు ఉంటుంది. రోజుకు పదివేల టన్నులు కాల్చే కేంద్రాన్ని తీసుకుంటే, తక్కువ అంకె వేసుకున్నా బొగ్గుతో పాటు రోజుకు ఒక కిలో పాదరసం కొలిమిలోకి వెళుతుంది. మీ అలమారలోని సీసా అందులో సగం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం వారి '2018 ప్రపంచ పాదరస అంచనా' ప్రకారం 2015లో మనుషుల పనుల వల్ల గాలిలోకి చేరిన పాదరసం సుమారు 2,220 టన్నులు. అందులో 38 శాతం దాకా చిన్నతరహా బంగారు గనులది, ఐదో వంతు బొగ్గు కాల్చడానిది. కాబట్టి థర్మామీటర్లు మారిస్తే సమస్య తీరిపోతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇంటి వస్తువుల గురించి ఎంత మాట్లాడినా పొగగొట్టాల గురించి మాట్లాడకపోవడం అన్యాయం.

కొలిమిలోకి వెళ్ళినదంతా గొట్టంలోంచి బయటికి రాదు. బూడిదను పట్టే యంత్రాల్లో కొంత ఆగుతుంది. క్లోరిన్‌తో కలిసిన పాదరసం నీటిలో కరుగుతుంది కాబట్టి గంధక వాయువును కడిగే యంత్రం ఉంటే అందులో మరికొంత ఆగుతుంది. ఏమీ కలవని శుద్ధ పాదరసపు ఆవిరి మాత్రం ఈ రెండు యంత్రాలకూ పెద్దగా చిక్కదు, నెలల తరబడి గాలిలో ప్రయాణించి ఎక్కడో సముద్రం మీద దిగుతుంది. 2015 డిసెంబరులో కేంద్రం థర్మల్ కేంద్రాలకు ఘనపు మీటరుకు 0.03 మిల్లీగ్రాముల పాదరస పరిమితి విధించింది. అదే నిబంధనల కింద గంధక వాయువును కడిగే యంత్రాలు కూడా రావలసింది. 2025 జులైలో అత్యధిక కేంద్రాలను ఆ బాధ్యత నుంచి తప్పించారు. గంధకం గురించి వారు చెప్పిన కారణాలు ఏవైనా, ఆ యంత్రాలు దారిలో పట్టుకోగలిగిన పాదరసం మాట ఆ చర్చలో వినపడకపోవడం నన్ను ఎంతగానో బాధించింది.

సముద్రం మీద దిగాక ఏమవుతుందో చెప్పకపోతే ఈ లెక్క అసంపూర్ణం. బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అది నీటి నుంచి నాచుకు, నాచు నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు చేరుతూ ప్రతి మెట్టులోనూ చిక్కబడుతుంది. అందుకే గర్భిణులు సొర వంటి పెద్ద వేటచేపలు తగ్గించుకుని నెత్తళ్ళు, కవ్వళ్ళు వంటి చిన్నవి తినడం మేలు. చేపలు మానేయమని నేను అనడం లేదు, మా తీరంలో అది పేదవాడి పోషకాహారం.

ఆ ఒప్పందానికి పేరిచ్చిన జపాన్‌లోని మినమాటాలో విషం ఎవరూ తాగలేదు, చేపలు తిన్నారు, అంతే. చిస్సో కర్మాగారం పాదరసాన్ని ఉత్ప్రేరకంగా వాడి ఎసిటాల్డిహైడ్ తయారుచేసి, వ్యర్థాన్ని సముద్రంలోకి వదిలింది. ముందు పిల్లులు తూలిపడి చచ్చాయి. 1956 మే 1న మనుషుల్లో జబ్బు అధికారికంగా నమోదైంది. 1959లో కర్మాగారం సొంత వైద్యుడే ఆ వ్యర్థాన్ని పిల్లికి తినిపించి కారణం కనుక్కున్నాడు, ఆ ఫలితాన్ని తొక్కిపెట్టారు. వ్యర్థం ఆగింది 1968లో. తల్లికి పెద్దగా లక్షణాలు లేకుండానే బిడ్డలు జబ్బుతో పుట్టారు. మన ఇళ్ళలో బిడ్డ బొడ్డుతాడును తాయెత్తులో దాచినట్టు అక్కడి తల్లులూ ఎండిన బొడ్డుతాళ్ళను పెట్టెల్లో దాచుకునేవారు. ఏళ్ళ తర్వాత శాస్త్రవేత్తలు వాటినే అడిగి తీసుకుని పరీక్షించి, ఏ ఏడాది పుట్టిన బిడ్డ గర్భంలో ఎంత పాదరసాన్ని భరించిందో లెక్కకట్టారు. ఈ సంగతి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

సమాధానం 6: విశ్రాంత కెమికల్ ఇంజనీరు

విశాఖ మిత్రుల అంకెలతో నాకు పేచీ లేదు, కానీ ఒక్క చోట విభేదిస్తాను. బొగ్గులోని పాదరసం మనం కోరి తెచ్చుకున్నది కాదు, బొగ్గుతో పాటు వచ్చింది. థర్మామీటరులోదీ, క్రీములోదీ, కాస్టిక్ సోడా సెల్లులోదీ మనం గనిలోంచి తవ్వి, కొని, తెచ్చి పెట్టినది. దీన్ని ఆపడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, బదులు వస్తువు ఉంటే చాలు. ఆ రెండు పనులూ వేర్వేరు, ఒకటి చేస్తే రెండోది వాయిదా పడదు.

పైగా వస్తువు చిన్నదైనా దాన్ని తయారుచేసే చోటు చిన్నది కాదు. కొడైకెనాల్‌లో హిందుస్థాన్ లీవర్ థర్మామీటర్ల కర్మాగారం ఉండేది. ఆ యంత్రాలు అమెరికా నుంచి తెచ్చిన పాతవి, తయారైన థర్మామీటర్లు మళ్ళీ విదేశాలకే వెళ్ళేవి. 2001 మార్చిలో ఊరి మధ్య పాత సామాను దుకాణం పెరట్లో పాదరసం అంటిన గాజుముక్కలు టన్నుల కొద్దీ బయటపడ్డాయి, కర్మాగారం మూతపడింది. 2003లో దాదాపు 290 టన్నుల వ్యర్థాన్ని ఓడలో అమెరికాకు తిప్పి పంపారు. 591 మంది మాజీ కార్మికులతో పరిహార ఒప్పందం కుదిరింది మాత్రం 2016లో. మట్టి శుభ్రం చేసే వివాదం ఆ తర్వాత కూడా నడిచింది. జ్వరం చూసుకునే గ్రాము పాదరసం వెనక ఇంత ఉంది. ఈ సంగతి కూడా ఆ పిల్లవాడికి చెప్పండి, మాస్టారూ.

ప్రశ్న అడిగిన అధ్యాపకుడు

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఉంగరం కంసాలి దగ్గరికి వెళ్ళలేదు. వాళ్ళ నాన్నగారు స్వయంగా సీసాలో పెట్టి తెచ్చి నాకు అప్పగించారు. చీకట్లో టార్చి వేసి చూస్తే, శుభ్రంగా ఉందనుకున్న నేల మీద పదిహేను చోట్ల మెరిసింది. ఏరగలిగినవి ఏరి, సందుల్లో గంధకం నింపాము. ప్రయోగాలు వరండాలోకి మార్చాను. ఎర్రరంగు ఆల్కహాలు థర్మామీటర్లు తెప్పించమని ప్రిన్సిపాల్ గారిని కోరితే ఆయన అదే రోజు సంతకం చేశారు.

సీసా, బారోమీటరు వివరాలు రాసి కాలుష్య నియంత్రణ మండలికి లేఖ పంపాము. అది ప్రిన్సిపాల్ గారి సంతకంతో వెళ్ళింది, జవాబు కోసం చూస్తున్నాము. ఈలోగా నాకు తెలిసిన నలుగురు అధ్యాపకులకు ఫోను చేస్తే ముగ్గురి ప్రయోగశాలల్లో ఇలాంటి సీసాలే ఉన్నాయి, ఒకచోట మూతకు బదులు దూది కుక్కి ఉంది. ఒక్కొక్కరు వేర్వేరుగా పంపడం కన్నా జిల్లాలోని కళాశాలల జాబితా తయారుచేసి ఒకేసారి ఇవ్వడం మేలనిపిస్తోంది.

పొగగొట్టాల ప్రశ్న అడిగిన పిల్లవాడికి విశాఖ మిత్రులు చెప్పిన లెక్క ఇచ్చి, వార్తల్లో వచ్చే బొగ్గు టన్నుల అంకెలతో నెలకు ఎన్ని గ్రాములో వేయమన్నాను. నిన్న లెక్క తెచ్చి చూపించి, గొట్టంలో కొలిచిన అంకె ఎవరి దగ్గర దొరుకుతుందని అడిగాడు. సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో సోమవారం తరగతిలో అందరికీ చూపించబోతున్నాను.

రాయలసీమ జిల్లాల్లో ఏ పాఠశాల, కళాశాల అలమారలో పాదరసం ఉన్నా బరువు, సీసా స్థితి, ఊరి పేరు దయచేసి ఇక్కడ రాయండి. జాబితాలో చేరుస్తాను.